డిక్కీలో సుబ్బరత్నమ్మ

కంభం బస్టాండు దగ్గర సరళ కారును ఎరగనివాళ్ళు తక్కువ. పెళ్ళిళ్ళకూ ఆసుపత్రులకూ త్రిపురాంతకం గుడికీ తనే నడుపుతూ బాడుగకు తీసుకెళ్తుంది. చిక్కల్లా ఒకటే. బాడుగ లేక బండి ఒకరోజు ఇంటి ముందు నిలబడిందంటే చాలు, మర్నాడు తాళం తిప్పితే ‘టిక్’మని ఊరుకుంటుంది. ఇక వీధిలో వాళ్ళంతా వచ్చి తోయాల్సిందే.

కొత్త బ్యాటరీ వేయించినా అదే కథ. విసుగెత్తి, మార్కాపురంలో కార్ల వైరింగు పని చేసే జీవన్ కుమార్‌కు ఫోన్ చేసింది.

“బ్యాటరీ తప్పు కాదక్కా. బండి ఆపినాక కూడా ఏదో ఒకటి కరెంటు తాగుతా ఉంది,” అన్నాడతను. “మైనస్ వైరు ఊడదీసి మధ్యలో మీటరు తగిలించు. తలుపులన్నీ మూసి కాసేపు ఆగు. ఆనక ఒక్కొక్క ఫ్యూజూ పీకి చూడు. ఏది పీకితే అంకె పడిపోతాదో, తప్పు ఆ దారిలో ఉన్నట్టు.”

బోరు మోటారు కోసం కొన్న మీటరు ఇంట్లోనే ఉంది. ఆదివారం పొద్దెక్కాక సరళ బానెట్ ఎత్తింది. హారన్ ఫ్యూజు పీకింది. అంకె కదల్లేదు. రేడియోది పీకినా అంతే. లోపలి లైట్ల ఫ్యూజు పీకగానే మాత్రం అంకె దాదాపు సున్నాకు జారింది. సరళ ఎగిరి గంతేసినంత పని చేసింది.

ఫ్యూజు మళ్ళీ పెట్టి అద్దంలోంచి చూస్తే పైకప్పు లైటు ఆరే ఉంది. ఆ దారిలో ఇక మిగిలింది డిక్కీ లైటు. కానీ మూత మూశాక అది వెలుగుతోందో లేదో ఎలా తెలుస్తుంది?

“ఫోన్లో వీడియో పెట్టి మూస్తా అత్తా,” అంది పక్కనే నిలబడి చూస్తున్న అత్తగారితో.

“ఫోనెందుకే, నేను లేనా?” అంటూ సుబ్బరత్నమ్మ కొంగు దోపుకుని, సరళ వద్దంటున్నా వినకుండా డిక్కీలోకి ఎక్కి ముడుచుకుని పడుకుంది.

మూత పడింది.

“వెలుగుతానే ఉంది!” లోపలినుంచి కేక. “ఈడ ఒక బొత్తం ఉందే. మూత దానికి తగల్లేదు. నేను నొక్కతా, చూడు!”

సరళ మీటరు దగ్గరికి పరిగెత్తింది. అంకె పడిపోయింది.

“పడింది అత్తా! వదులు!”

“వదిలినా!”

అంకె మళ్ళీ పైకి లేచింది. “ఇంగోసారి!” అంది సరళ ఆనందం పట్టలేక.

అప్పుడే చర్చి నుంచి వస్తున్న ఎదురింటి శాంతయ్య బైబిలు చంకలో పెట్టుకుని నిలబడిపోయాడు.

“ఏంది సరళా ఇది? మీ అత్తను డిక్కీలో పెట్టినావా?”

“నేనే ఎక్కినా అన్నా! నువ్వు మధ్యలో మాట్లాడబాక!” అంది డిక్కీ.

సరళ నవ్వుతూనే మూత తీసింది. ముగ్గురూ వంగి చూశారు. మూత అంచున బొత్తాన్ని నొక్కాల్సిన రబ్బరు బుడిపె ఎప్పుడో ఊడిపోయింది. శాంతయ్య ఇంట్లోకెళ్ళి పాత చెప్పు అట్ట ముక్క కోసి తెచ్చాడు. దాన్ని గట్టిగా అంటించి మూత మూస్తే మీటరు మాట్లాడకుండా పడుకుంది. సరళ మీటరు తీసేసి మైనస్ వైరు మళ్ళీ బిగించింది.

సోమవారం బాడుగ వచ్చినా సరళ పోలేదు. పరీక్ష పరీక్షే. మంగళవారం పొద్దున తాళం తిప్పితే, బండి ఒక్క ఊపున అందుకుంది. ఆ చప్పుడుకు సుబ్బరత్నమ్మ చేతికి పిండితోనే బయటికొచ్చింది.

“ఆపబాక! చేతులు కడుక్కోనొస్తా. గిద్దలూరు పోయి మా చెల్లెల్ని చూసొద్దాం,” అంది.