ఆరబెట్టని ఊదా పొడి

ఆమెకు మొండిఘటం అని పేరు పెట్టింది ఆమె పీహెచ్‌డీ గైడుగారే. మొదట్లో ముద్దుగా పిలిచేవారు, ఈమధ్య పళ్లు కొరుకుతూ పిలుస్తున్నారు.

ఆవేళ ఆయన అయస్కాంత యంత్రం గీసిచ్చిన గ్రాఫును బల్లమీద పడేసి, "చూడు, స్కేలు పెట్టి గీసినట్టుంది. చల్లబరిచినా, వేడిచేసినా నీ పొడిలో చలనం లేదు. థీసిస్‌లోంచి ఈ అధ్యాయం కొట్టెయ్యి," అన్నారు.

కొట్టేస్తే రెండేళ్ల చాకిరీ మట్టిపాలే. నిజానికి ఆమె చేసింది చిన్న మార్పు. ఇనుమును చుట్టూ పట్టుకుని ఉండే అణువులను లైగాండ్లంటారు. వాటి పట్టు గట్టిగా ఉన్నంతకాలం ఇనుము అయస్కాంతాన్ని ఖాతరు చేయదు, పొడి ఊదారంగులో ఉంటుంది. వేడికి పట్టు సడలిందా, అయస్కాంతం లాగుతుంది, పొడి తెల్లబడుతుంది. ల్యాబులోని పాత పొడులన్నీ మరిగే నీళ్ల వేడికి గానీ కదలని బద్ధకస్తులు. ఆమె తన లైగాండుకు ఒక ఆల్కహాలు తోక తగిలించింది. అంతే, ఆ పొడి ఉన్న గాజుగొట్టాన్ని గుప్పిట పట్టుకుంటే చాలు, తెల్లబడేది. వదిలితే మళ్లీ ఊదా. అది ఆమె కళ్లారా చూసిన సంగతి.

"యంత్రం అబద్ధం చెప్పదమ్మా," అన్నారు గైడుగారు.

"నేనూ చెప్పను సార్."

విసురుగా బయటికి నడిచి తాళాలాయన దగ్గరికి వెళ్లింది. అయస్కాంత యంత్రం గది తాళాలు ఇరవై ఏళ్లుగా ఆయన మొలకే వేలాడుతున్నాయి. ఎవరి పొడినైనా కొలవాల్సింది ఆయనే.

"బాబాయ్, కొలిచే ముందు నా పొడిని ఏం చేశారు?"

"అందరిదీ ఏం చేస్తానో అదే. పన్నెండు గంటలు వాక్యూమ్ ఓవెన్‌లో ఆరబెట్టా. గోడమీద అంటించిన గైడుగారి రూల్స్‌లో మూడోది కదా!"

"బయటికి తీసినప్పుడు ఏ రంగులో ఉంది?"

"తెల్లగా. ఓవెన్‌లోంచి వేడివేడిగా వస్తే తెల్లగా కాక ఇంకెలా ఉంటుంది తల్లీ?"

ఆ తెలుపే అందరినీ బోల్తా కొట్టించింది. పాత లైగాండ్లకు నీటితో పనిలేదు. ఈ తోక మాత్రం స్ఫటికంలో నీటిని అంటిపెట్టుకుని ఉంటుంది, ఆ నీరుంటేనే ఇనుము మీద పట్టు నిలుస్తుంది. ఓవెన్ ఆ నీటిని పీల్చేసింది. కొలవగా మిగిలిన ఆ ఎండిన పొడిని గొట్టంలో పోసి మంచుముక్కల్లో గుచ్చి చూసింది. పది నిమిషాలైనా తెల్లగానే ఉంది. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

గొట్టాన్ని గైడుగారి ముందుకు పట్టుకెళ్లి ఒక్క నీటిచుక్క వేసింది. తెలుపులో ఊదా మచ్చ పుట్టి అంచులదాకా పాకింది. గుప్పిట పట్టి తెరిచేసరికి మళ్లీ తెలుపు.

గైడుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"సరే, సీలు చేసి తడిగానే కొలిపించు. అధ్యాయం ఉంచుదాం. ఆరబెట్టిన సంగతి మాత్రం రాయకు. నీకు ముందు ఇద్దరు విద్యార్థుల పొడులు ఇలాగే ఆరబెట్టి, పనికిరావని పారేశాం. ఇప్పుడు వాళ్లొచ్చి నన్ను నిలదీస్తారు."

"నిలదీయనివ్వండి సార్. వాళ్ల కష్టం కష్టం కాదా?"

"మొండిఘటమా, నీ అధ్యాయం నిలిచింది కదా, ఇంకేం కావాలి?"

ఆమె పెన్ను తీసి ఆయన ముందు పెట్టింది.

"ఆ అధ్యాయమన్నా కొట్టెయ్యండి, ఆ రూలన్నా కొట్టెయ్యండి. రెండూ మాత్రం ఉండవు."

గోడమీది కాగితంలో మూడో రూలు మీద గీత పడేదాకా ఆమె అక్కణ్ణించి కదల్లేదు.