ముందెవరు పిలవాలి

ముక్కెక్కడుందిరా అంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినవాణ్ణి చూసి అందరం నవ్వుతాం. నీటి సరఫరా ఆఫీసులో రోజూ అదే జరుగుతున్నా చాలాకాలం ఎవరికీ నవ్వు రాలేదు. తెలిస్తే గదా నవ్వడానికి. తెలిసిన మనిషి ఒక్కతే. ఆవిడకి నవ్వే తీరిక లేదు.

ఆవిణ్ణి ఆఫీసులో అందరూ అక్క అనేవారు. ఆవిడ తమ్ముడు అక్కడే ట్యాంకుల సెక్షన్లో పనిచేసేవాడు గనక, వాడి పిలుపే నలుగురికీ అంటుకుంది. ఆవిడ భర్తది మోటార్ల సెక్షను. తమ్ముడి నోటి చలవ వల్ల ఆయన ఆఫీసు మొత్తానికీ బావ అయిపోయాడు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ చీఫ్ ఇంజనీరు కూడా ఓసారి మీటింగులో నోరు జారి "బావగారేమంటారు" అని అడిగి, ఆ తర్వాత దగ్గి సర్దుకున్నాడు.

అక్క పని సర్వర్ గదిలో. మెట్ల కింద చల్లగా, ఎప్పుడూ తేనెపట్టులా రొద పెడుతుండే గది. అందులో ఒక పెద్ద ఇనప పెట్టె. ఆ పెట్టెలో రెండు కంప్యూటర్లు కాపురం చేస్తుంటాయి. నిజానికి ఉన్నది ఒకటే. కానీ అదే తన లోపల గదులు కట్టి, రెండున్నట్టు నడిపిస్తుంది. వర్చువల్ మెషిన్లంటారు వాటిని. ఒక గదిలో ట్యాంకు మెషిన్. కొండమీది ట్యాంకులో నీళ్ళెంత మట్టాన ఉన్నాయో దానికి తెలుసు. రెండో గదిలో మోటారు మెషిన్. మోటారు వెయ్యడం, ఆపడం దాని చేతిలో పని. మొదటిది "నిండింది" అంటే రెండోది ఆపాలి. అంతే వాటి సంసారం.

మధ్యలో గోడ కట్టింది అక్కే. ఒకరి తప్పు ఇంకొకరి నెత్తిన పడకూడదని. తమ్ముడు మోటారు మెషిన్లో వేలు పెట్టలేడు, బావ ట్యాంకు మెషిన్లోకి తొంగిచూడలేడు.

గోడ మంచిదే. వచ్చిన చిక్కల్లా దారితోనే. "నిండింది" అన్న ఒక్క మాట పెట్టెలోంచి బయటికొచ్చి, కేబుల్ పట్టుకుని రోడ్డు కింద నుంచి హెడ్డాఫీసుకు పోయి, అక్కడి కాపలా మెషిన్‌కు మొహం చూపించి, మళ్ళీ అదే దారిన తిరిగొచ్చి, బయల్దేరిన పెట్టెలోనే పక్క గది తలుపు తట్టేది. రెండు సెక్షన్లూ వేరే వేరే భవనాల్లో ఉన్నప్పుడు వేసిన దారి అది. మెషిన్లు రెండూ ఒక పెట్టెలోకి వచ్చి చేరాక కూడా అలాగే ఉండిపోయింది. నడుస్తున్న బండిని ఆపి చక్రాలు లెక్కపెట్టేదెవరు.

అలా ఉండగా రోడ్డు వెడల్పు చేసే పని మొదలైంది. తవ్వే యంత్రం పళ్ళకి కేబుల్ తగిలింది. ట్యాంకు మెషిన్ పాపం "నిండింది, నిండింది" అని గొంతు చించుకుంటూనే ఉంది, మాట మాత్రం రోడ్డు గోతిలో పడిపోయింది. మోటారు ఆగలేదు. కొండ మీద నుంచి నీళ్ళు పొంగి దిగువ వీధిలో ఇళ్ళలోకి వచ్చాయి. అక్కడివాళ్ళు ఆఫీసు గుమ్మంలో చెప్పులు విదిలిస్తూ నిలబడితే, బావ నలుగురి ముందూ "ట్యాంకు వాళ్ళు నిద్రపోతే మోటారువాడేం చేస్తాడు" అన్నాడు. తమ్ముడు ఊరుకుంటాడా. "చెప్పేవాడికి నోరుంటే చాలదు, వినేవాడికి చెవులుండాలి" అన్నాడు.

తప్పు ఇద్దరిదీ కాదు. కానీ మాట నోరు దాటాక దాన్ని వెనక్కి రప్పించే మోటారు ఏ సెక్షన్లోనూ లేదు. ఆ రోజు నుంచీ ఇద్దరికీ మాటల్లేవు.

మాటల్లేకపోతే ఎవరి దారిన వారుండొచ్చుననుకుంటే, అదీ కుదరదు. ఉండేది ఒకే ఇల్లు. అక్కా బావా కింద, తమ్ముడు మేడ మీద. తల్లి పోయినప్పుడు వాడు బడికెళ్ళే పిల్లాడు, అక్కే పెంచింది. భోజనం ముగ్గురిదీ ఒకే బల్ల మీద.

"ఆ ఉప్పు డబ్బా ఇటు జరపమని నీ తమ్ముడికి చెప్పు."

"డబ్బా ఆయన మోచేతి పక్కనే ఉందని చెప్పక్కా."

డబ్బా అక్క జరిపేది. ఆవిడ కంచంలోది రోజూ చల్లారిపోయేది.

బల్ల దగ్గర మాటలు చిన్నవి గనక నయం. మేడకీ కిందకీ మధ్య మోయాల్సినవి వేరే ఉండేవి. "ఆ అడుగుల చప్పుడేమిటో కనుక్కో, పైన ఏనుగుని గానీ పెంచుతున్నాడా" అని బావ అంటే, అక్క మెట్లెక్కి "బావకి తలనొప్పిగా ఉందిరా, కాస్త మెల్లగా నడువు" అనేది. "నొప్పి పుట్టాలంటే ముందు తలంటూ ఉండాలి గదా" అని వాడంటే, కిందకొచ్చి "పాపం నొచ్చుకున్నాడండీ, మందేమైనా తెమ్మంటారా అని అడిగాడు" అనేది. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు. అక్క ఆ లెక్కన ఓ పెళ్ళిళ్ళ సంతే నడిపింది. అయినా ఇద్దరి మనసులూ వీసమెత్తు కదల్లేదు. ఒకరి మాట ఒకరికి చేరితే గదా కదలడానికి. చేరేవన్నీ అక్క మాటలే.

కేబుల్ మళ్ళీ తెగింది. ఈసారి నీళ్ళు పొంగలేదు గానీ, ట్యాంకు ఖాళీ అయిందన్న మాట మోటారుకి అందక ఎగువ వీధికి చుక్క రాలేదు. చీఫ్ ఇంజనీరు అక్కని పిలిపించాడు.

"చూడమ్మా, మెషిన్లు మాట్లాడుకోకపోతే మనిషిని పెట్టాల్సిందే. కొండ మీద ట్యాంకు పక్కన క్వార్టరుంది. మీ తమ్ముణ్ణి అక్కడ కాపురం పెట్టమందాం. కళ్ళతో మట్టం చూసి ఫోన్ చేస్తుంటాడు."

"అక్కడ మనుషులుండరు సార్. రోడ్డే సగం వరకుంది."

"నాకు మాత్రం సరదానా. సోమవారం దాకా చూస్తాను. ఈలోగా నువ్వేమైనా చెయ్యగలిగితే చెయ్యి."

ఈ సంగతి మేడ మీదికి చేరవేస్తే తమ్ముడు కిటికీలోంచి కొండ వైపు చూసి "పోతాలే అక్కా. అక్కడ గాలైనా తిన్నగా మాట్లాడుతుంది" అన్నాడు. వాడు ఏ మాటైనా వెటకారంగానే అంటాడు, ఈసారి మాత్రం వెటకారం లేదు. వాడి సంగతి అక్కకి తెలుసు. వాడు కొండెక్కాడంటే ఇక దిగడు. దిగమని బావ పిలవడు, పిలిస్తే తప్ప వీడు రాడు.

మర్నాడు అక్క సర్వర్ గదిలో కూర్చుని చేసిన ఆలోచన ఇది. పెట్టె లోపలే ఒక దారుంది. కేబుల్ అక్కర్లేదు, బయటి నెట్‌వర్క్ అక్కర్లేదు. పెట్టె తన గదులతో మాట్లాడడానికి తనే పెట్టుకున్న కిటికీ లాంటిది, సాకెట్ అంటారు. గదికో నంబరు. గదులన్నిటినీ మోసే పెట్టెది రెండు. ట్యాంకు గదికి మూడు, మోటారు గదికి నాలుగు అని అక్క ఇచ్చింది. ఒక్కటే మెలిక. మూడు నేరుగా నాలుగుని పిలవలేదు. అద్దెవాళ్ళు ఇంటివాళ్ళ తలుపు తట్టొచ్చు గానీ గోడ దూకి పక్కవాటాలోకి పోకూడదన్న లెక్క. మూడు రెండుని పిలిస్తే, రెండు పోయి నాలుగు తలుపు తడుతుంది. మధ్యలో నిలబడి అందించే ఆ ప్రోగ్రాం అక్క రాసేసింది. మధ్యలో నిలబడడం ఆవిడకి కొత్తా.

మిగిలింది రెండు చివర్లు. ఎవరి గదిలో ప్రోగ్రాం వాళ్ళే రాయాలి. సాకెట్‌తో పనంటే ఒకరు పిలవాలి, ఇంకొకరు చెవి ఒగ్గి కూర్చోవాలి. అక్క ముందు భర్తకి చెప్పింది.

"వాడికి నేను ఫోన్ చేసినట్టు నా మెషిన్ ముందు పిలవాలా" అన్నాడాయన, షర్టు బొత్తాం పెట్టుకుంటూ.

"అబ్బే, వాడే పిలుస్తాడు లెండి. మీరు వింటే చాలు" అంది అక్క.

తర్వాత మేడెక్కింది. తమ్ముడు కుర్చీలో వెనక్కి వాలి "ముందు పిలవాల్సింది మటుకు నేను కాదు" అన్నాడు.

"బావే పిలుస్తానన్నార్రా. నువ్వు విను చాలు" అంది. అని, కిందకొచ్చి పొయ్యి మీద గిన్నె చూసుకుంది. చెయ్యి తిరిగినవాళ్ళు ఎన్ని కుట్లు వేశారో లెక్కపెట్టుకోరు. అక్కకి ఈ అబద్ధమూ అంతే, ఆడినట్టే గుర్తులేదు.

సోమవారం పొద్దున్న ఆఫీసు హాల్లో పరీక్ష. ఒక బల్ల దగ్గర తమ్ముడు, ఇంకో బల్ల దగ్గర బావ, ఒకరికొకరు వీపు పెట్టి కూర్చున్నారు. నడుమ లాప్‌టాప్ పెట్టుకుని అక్క, అడకత్తెరలో పోకచెక్కలా. చీఫ్ ఇంజనీరు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"చేత్తో ఆపడాలు ఒప్పుకోను. మెషినే ఆపాలి" అన్నాడాయన.

అక్క సర్వర్ గదిలోకి వెళ్ళి బయటి కేబుల్ తన చేత్తోనే పీకి వచ్చింది. మోటారు వేశారు. కింద ఎక్కడో బరువుగా మూలుగు మొదలైంది. తమ్ముడి తెర మీద నీలం గీత పైకి పాకుతోంది. ఆకుపచ్చ గీత దగ్గర మోటారు ఆగాలి. ఎర్ర గీత దాటితే దిగువ వీధివాళ్ళు మళ్ళీ చెప్పులు విదిలిస్తారు.

నీలం గీత ఆకుపచ్చని తాకింది. దాటింది. మూలుగు ఆగలేదు.

అక్క తన తెర చూసుకుంది. మధ్యలో నిలబడ్డ ప్రోగ్రాం శుభ్రంగా నిలబడే ఉంది. దాన్ని పిలిచిన నాథుడే లేడు.

"ఏరా, పిలవలేదా?"

"నేనెందుకు పిలుస్తానక్కా. ఆయన పిలుస్తాడన్నావు గదా. అప్పట్నుంచీ చెవి ఒగ్గుకుని కూర్చున్నా."

బావ కుర్చీ గిర్రున తిరిగింది. "నేను పిలవడమేమిటి. వాడే పిలుస్తాడని నువ్వే చెప్పావు. నేనూ వింటూనే కూర్చున్నాను."

నీలం గీత మాత్రం పాకుతూనే ఉంది. మనుషుల పౌరుషాలు నీళ్ళకేం తెలుసు.

"ఇద్దరికీ అలాగే చెప్పాను సార్" అంది అక్క, చీఫ్ ఇంజనీరుతో.

"ఎందుకమ్మా?"

"అలవాటు సార్."

ఆయనకి అర్థం కాలేదు. బావకీ తమ్ముడికీ బాగా అర్థమైంది. తలనొప్పులూ, మందులూ, పాపం నొచ్చుకున్నాడులూ అన్నీ వరసగా గుర్తొచ్చినట్టున్నాయి, ఇద్దరూ ఒకేసారి చూపు దించుకున్నారు.

"నువ్వు మార్చు" అని ఎవరో ఒకరితో అక్క అనేసి ఉండొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఇప్పుడు తనంటే, రేపు కూడా తనే అనాలి. లాప్‌టాప్ మీంచి చేతులు తీసేసింది.

"ఇంక నేను మొయ్యను. ఎవరు పిలుస్తారో మీరూ మీరూ తేల్చుకోండి."

బావ చెయ్యి మోటారు ఆపే బొత్తాం మీదికి పోయింది. అది నొక్కితే నీళ్ళు ఆగుతాయి. పరీక్ష పోతుంది. వీడు కొండెక్కుతాడు. ఆయన చెయ్యి అక్కడే కాసేపుండి, మెల్లగా వెనక్కొచ్చింది.

"ఏరా" అన్నాడు, గోడకేసి చూస్తూ. "నీది మార్చడానికి ఎంతసేపు పడుతుంది?"

తమ్ముడు కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. "నాలుగు లైన్లు బావా. మట్టం నాది గదా, న్యాయంగా నేనే పిలవాలి. నీ గది తలుపుది, ఆ పోర్టు నంబరు, అక్క ఇచ్చిందేనా?"

"అదే. నేను కదలను. నువ్వు కానీ."

తమ్ముడి వేళ్ళు పరిగెత్తాయి. ప్రోగ్రాం నడిపాడు. తెర మీద తిట్టులాంటి ఎర్ర వాక్యం ఒకటి వచ్చి పడింది. మళ్ళీ నడిపాడు, మళ్ళీ అదే. నీలం గీతకీ ఎర్ర గీతకీ మధ్య ఇంక వేలెడు చోటుంది. బావ లేచి వచ్చి వాడి భుజం మీంచి వంగి చూశాడు.

"నాలుగు అని కొట్టావేంట్రా. అది నా గది. గోడ దూకొద్దు. రెండుని పిలువు, మీ అక్కని. తనే నా దగ్గరకి తెస్తుంది."

"ఓ" అని నాలుక్కరుచుకుని వాడు అంకె మార్చాడు.

అక్క తెర మీద ఒక గీత వెలిగింది. మూడు పిలిచింది. దాని కిందే ఇంకోటి. నాలుగు పలికింది. వచ్చిన మాట ఎలా వచ్చిందో అలాగే అవతలికి పోయింది, అక్షరం తగ్గలేదు, పెరగలేదు. కింద మూలుగు సన్నబడి, సన్నబడి, ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. చూస్తే చీఫ్ ఇంజనీరు.

"కేబుల్ లేకుండానేనా?" అన్నాడాయన.

"లేకుండానే సార్. పీకింది గదిలో అలాగే పడుంది."

"మరి ఆ క్వార్టరు..."

"అందులో పావురాలు కాపురమున్నాయట సార్" అన్నాడు బావ. "వాటిని లేపడం దేనికి."

చీఫ్ ఇంజనీరు కొండకేసి ఓసారి చూసి, రెండో ట్యాంకుకి కూడా ఇలాగే పెట్టమని తమ్ముడికి చెప్పి, తన గదిలోకి వెళ్ళిపోయాడు. కొండ మీది కాపురం మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

ఆ పూట ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. బావ, కంచంలోంచి తలెత్తకుండానే, "ఉప్పు ఇటు తొయ్యరా" అన్నాడు. డబ్బా ఆయన మోచేతి పక్కనే ఉంది. తమ్ముడు లేచి, చుట్టూ తిరిగి వచ్చి, దాన్ని తీసి ఆయన కంచం ముందు పెట్టి, మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు.

"ఇంతకీ నీ మెషిన్‌కి నత్తి గానీ ఉందా" అన్నాడు బావ. "నిండింది అని ఒక్కసారి చెబితే చాలదా? మూడేసిసార్లు పంపుతోంది."

"నీకు ఒక్కసారి చెబితే ఎప్పుడు వినపడింది బావా."

"విన్నానని జవాబిస్తున్నాగా. అది చదవడం రాదా నీ మెషిన్‌కి?"

"నీ జవాబు వచ్చేసరికి ట్యాంకు నిండి, ఎండి, మళ్ళీ నిండుతుంది."

గొంతులు లేచాయి. మేడ మీద ఏనుగు సంగతీ వచ్చింది, తల లేని తలనొప్పి సంగతీ వచ్చింది. చివరికి ఇద్దరూ ఒకేసారి ఇటు తిరిగారు. "నువ్వైనా చెప్పు" అన్నాడాయన. "నువ్వు చెప్పక్కా" అన్నాడు వాడు.

అక్క కంచంలోంచి ఆవిరి ఇంకా లేస్తోంది. ఆవిడ ఒక ముద్ద తీసుకుని, ఊదుకుంది.

"నన్ను తిననివ్వండి" అంది.