నాలుగో మడత

రండి, దగ్గరికి జరిగి కూర్చోండి. గోడకి ఆనుకున్నవాళ్ళు కూడా ముందుకి రావాలి, నా గొంతు అంత దూరం రాదు. ఒళ్ళో పిల్లలుంటే జోకొట్టకండి, ఈ కథ వాళ్ళకీ పనికొస్తుంది. దేవుణ్ణి ఒక్కసారి తలుచుకుని మొదలుపెడతాను.

ఒక పెద్ద ఆసుపత్రి, దాని వెనక బట్టలుతికే శాల. రోజుకి వెయ్యి దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి పైకి పంపాలి. ఇస్త్రీ మిషనంటే ఇంట్లో పెట్టెలాంటిది కాదు. మనిషి పొడుగు వేడి రోలర్లు రెండు. వాటి మధ్యకి తడి దుప్పటి వెళ్తే అవతల పొడిగా వస్తుంది. రోలర్ల ముందు ఒక ఇనప కడ్డీ. పొరపాటున చెయ్యి దానికి తగిలిందా, మిషను టక్కున ఆగుతుంది.

మడతలకి ఇద్దరు కావాలి. చెరో కొసా పట్టుకుని ఎదురెదురుగా నడిచి రావాలి. దుప్పటికి నాలుగు మడతలు. మొదటి మడతకి కథ మొదలవ్వాలి, నాలుగో మడతకి నీతి రావాలి. నీతి పలికేసరికి ఇద్దరి చేతులూ కలుస్తాయి. అది ఆ శాల అలవాటు.

ఇంకో అలవాటు కూడా ఉంది. కథ మొదలవగానే అందులోని జంతువు దుప్పట్ల గుట్ట వెనకనించి వచ్చేది. నీతి అయిపోయాక, అది ఎవరికి తగిలిందో వాళ్ళ పక్కకి పోయి కూర్చునేది. వాళ్ళు బుట్ట కాస్త జరిపి చోటిచ్చేవాళ్ళు.

అందరికంటే బాగా చెప్పేది కథలత్త. ముప్ఫయ్యేళ్ళ సర్వీసు. ఆవిడకి జోడీ వసపిట్ట. ఇద్దరు పిల్లల తల్లి, నోరు మూతపడదు, అందుకే ఆ పేరు. మూడో ఆవిడ సముద్రం దాటి వచ్చింది. అందరూ ఓడ వదిన అంటారు.

ఒకరోజు అత్త నక్క కథ చెప్పింది. అడవిలో ఒకటే నీటిగుంట. రాత్రి నక్క అందులో దిగి నీళ్ళన్నీ బురద చేసింది. పొద్దున్నే నిద్రపోతున్న కుందేలు కాళ్ళకి ఆ బురద పూసింది. జంతువులన్నీ కుందేల్ని తరిమేశాయి. మర్నాడు దాహమేసి గుంట దగ్గరికొస్తే, నక్క తన అరికాళ్ళు తనే చూసుకుంది. ఎంత నాకినా ఆ బురద పోలేదు.

"తప్పు ఒకటి, దాన్ని ఇంకొకరి కాళ్ళకి పూయడం ఇంకొకటి. రెండోది కడిగితే పోదు," అంది అత్త, చేతులు కలుపుతూ.

"మా దగ్గర నక్క కాదత్తా, దుమ్ములగొండి. మిగతాదంతా ఇదే," అంది ఓడ వదిన.

"అయితే మీ దేశంలో కుందేలెవరు?" అంది వసపిట్ట.

"ఎక్కడైనా కుందేలు కుందేలే."

అందరూ నవ్వారు. నక్క వెళ్ళి మేస్త్రీ కుర్చీ పక్కన కూర్చుంటే ఇంకా నవ్వారు. మేస్త్రీ తల కూడా ఎత్తలేదు. "దాని కాళ్ళు తుడిచి లోపలికి రానివ్వండమ్మా, దుప్పట్లు మళ్ళీ ఉతకాల్సొస్తుంది," అన్నాడు.

అన్ని దేశాలకీ కథలు పంచిపెట్టినవాడు ఒక్కడే అని నా నమ్మకం. జంతువుల్ని మాత్రం ఎక్కడివక్కడ పెట్టాడు.

ఆ మేస్త్రీయే ఒకనాడు అత్తని పిలిచాడు. "ఆ కడ్డీ కాస్త పైకి కట్టెయ్యి అత్తా. దుప్పటి అంచు తగిలినా ఆగిపోతోంది. ఇలా అయితే వెయ్యి ఎప్పటికి పూర్తవుతాయి?"

అత్త చిరిగిన దుప్పటి అంచు పొడుగ్గా చింపి, కడ్డీని పైకెత్తి కట్టింది. ముడి కూడా మడతంత పొందిగ్గా వేసింది. నాలుగు నెలలు ఏమీ కాలేదు. పని చకచకా సాగింది. అత్త రోజూ కథలు చెప్పింది.

అయిదో నెలలో, వసపిట్ట కూతురి ముచ్చటేదో చెబుతూ తడి దుప్పటి అందించింది. అంచుతో పాటు కుడిచెయ్యీ లోపలికి పోయింది.

నలుగురూ ఆమెని మోసుకుని ఆసుపత్రిలోకి పరిగెత్తారు. అత్త మాత్రం ఒక్క నిమిషం వెనక ఉండిపోయింది. కడ్డీకి కట్టిన గుడ్డ విప్పి, పని కోటు జేబులో పెట్టుకుని, అప్పుడు పరిగెత్తింది.

మూడు వేళ్ళు పోయాయి. కడ్డీని వసపిట్టే ఎత్తిందని మేస్త్రీ కాయితం రాశాడు. ఆ కాయితం నిలబడితే ఆమెకి ఉద్యోగం లేదు. మూడు వేళ్ళు లేని మనిషికి ఇంకో చోట పనిచ్చేదెవరు?

విచారణాధికారి వచ్చి ఒక్కొక్కరినీ అడిగాడు. ఓడ వదిన "చూళ్ళేదు" అంది. అత్తా అదే అంది. ముందురోజే మేస్త్రీ ఆవిడతో మెల్లిగా అన్నాడు: "వసపిట్ట చోటు ఖాళీ అవుతుంది. నీ కోడలు ఊరికే ఉంది కదా."

మర్నాడు అత్త ఓడ వదినతో జోడీ కట్టి, ఏదో పాత తాబేలు కథ ఎత్తుకుంది. బద్ధకం గురించిన కథ. తాబేలు వచ్చింది. నాలుగో మడత అయ్యింది. తాబేలు మేస్త్రీ వైపు వెళ్ళలేదు, గుమ్మం దగ్గర కునికిపాట్లు పడుతున్న కాపలావాడి వైపూ వెళ్ళలేదు. అత్త పాదాల దగ్గర ఆగింది. దాని కాళ్ళకి బురద. బురద అడుగులు తెల్ల దుప్పట్ల మీద అచ్చు పడ్డాయి.

అత్త కథలు మానేసింది. శాలంతా మిషను చప్పుడే.

"ఇలా ఉంటే చేతులు ఆడవత్తా," అని ఓడ వదిన తన కథ తనే చెప్పుకుంది. దుమ్ములగొండి వచ్చింది, అత్త పక్కన కూర్చుంది. ముందుకాలు ఒకటి చాచి ఓడ వదిన పాదం మీద పెట్టింది.

"కావాలనే చెప్పావు కదూ?"

"లేదత్తా. నాకొచ్చింది ఇదొక్కటే."

బురద అడుగులు పడి, రోజుకి నలభై దుప్పట్లు మళ్ళీ ఉతకాల్సొచ్చింది. అత్త పక్కన చోటుండాలని అందరూ బుట్టలు ఇంకాస్త జరిపారు.

రెండో విచారణకి ముందురోజు సాయంత్రం, మనవరాలు అన్నం తిననని మొరాయిస్తే అత్త పిచ్చుక కథ చెప్పింది. దానికి నీతే లేదు. ఎగిరింది, వాలింది, గింజ తింది, అంతే. శాలలోలాగే ఇంట్లోనూ పిచ్చుక వచ్చి అత్త పళ్ళెం అంచున వాలింది.

"దాని కాళ్ళకి బురద నానమ్మా," అంది పిల్ల. ఆ తర్వాత, చాలా మామూలుగా, "నువ్వేం చేశావు?" అంది.

కోడలు తడిగుడ్డ తెచ్చి పిచ్చుక కాళ్ళు తుడిచింది. తుడిచిన చోట మళ్ళీ బురద ఊరింది. కోడలు గుడ్డ పిండుకుని మళ్ళీ తుడుస్తూ, అత్త మొహం చూడకుండా అంది: "ఎవరి చోటత్తయ్యా మీరు నాకిప్పిస్తున్నది?"

మర్నాడు విచారణలో ఇంకా పిలవకముందే అత్త లేచింది. జేబులోంచి గుడ్డ తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది చింపింది నేను. కడ్డీ కట్టింది నేను. మేస్త్రీ కట్టమన్నాడు, నేను కట్టాను. ఆ పిల్ల చెయ్యి లోపల ఉండగానే విప్పాలని చూశాను బాబూ, ముడి ఊడలేదు. అందరూ వెళ్ళాక విప్పి దాచాను."

వసపిట్ట అక్కడే ఉంది, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని. అత్త వైపు చూసింది. నోరు మూతపడని మనిషి, మొహం గోడ వైపు తిప్పుకుంది.

ఓడ వదిన కూడా లేచింది. "నేనూ చూశాను," అంది, చాలా చిన్నగా.

అత్తని ఆ రోజే ఇంటికి పంపేశారు. మేస్త్రీని ఇంకో శాలకి మార్చారు. అక్కడ మిషన్లు ఇంతకంటే పెద్దవట. వసపిట్ట ఉద్యోగం నిలిచింది. దిండుగలీబుల మీద ఎడంచేత్తో ముద్రలు వేసే పనిచ్చారు. క్షమించానని ఆమె ఎవరితోనూ అనలేదు. అత్త ఇంటి మీదుగా వెళ్ళాల్సి వస్తే వీధి మార్చుకునేది. నేనామెని తప్పుపట్టను. మూడు వేళ్ళకి బదులుగా ఏ కథా సరిపోదు.

శాల గేటు దాటేటప్పుడు అత్త వెనకాలే ఒక నక్క నడిచిందంటారు. దాని కాళ్ళు ఆరిపోయి ఉన్నాయి. మచ్చ మాత్రం ఉంది.

ఇంటికెళ్ళాక ఈ నక్కని మీరు మర్చిపోయినా ఫరవాలేదు. మీకు నచ్చిన జంతువుని పెట్టుకోండి. ఒక్క పని మాత్రం గుర్తుంచుకోండి. ఒక ముసలావిడ, ఆలస్యంగానే కానివ్వండి, ఎవరూ పిలవకముందే లేచి, దాచిన గుడ్డ బల్ల మీద పెట్టి, "కట్టింది నేను" అంది. ఆ మాట రేపు ఇంకొకరికి చెప్పండి. మీ వంతు వస్తే, చెయ్యి పోకముందే అనండి.