గచ్చులాంటి మడి

మా ఆయన ఏ పనైనా అడ్డదిడ్డంగా చేస్తాడని ఎవరూ అనలేరు. అదే నా ఖర్మ. అడ్డదిడ్డంగా చేసి ఉంటే ఈపాటికి నా చిక్కుళ్లు మొలిచేవి.

ఆయన టైల్స్ మేస్త్రీ. పెళ్లి కాకముందు నుంచీ మోకాళ్ల మీద కూర్చుని ఊళ్లోవాళ్ల ఇళ్లకు గచ్చులు వేస్తూనే ఉన్నాడు. చలికాలం మొదట్లో ఒకరోజు అలా కూర్చున్న మనిషి ఇక లేవలేకపోయాడు. తోటి పనివాళ్లు చంకల కింద చేతులు వేసి లేపి, ఆటోలో ఇంటికి తెచ్చారు. ఇక జన్మలో మోకాళ్ల మీద కూర్చోకూడదని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. ఆయన బుద్ధిగా తలూపి, ఇంటికి రాగానే కాంట్రాక్టరుకు ఫోన్ చేసి, ఎండలు ముదిరేసరికి పనిలోకి వచ్చేస్తానన్నాడు. డాక్టరమ్మ మాట నేను ఎత్తితే గోడకు చెప్పినట్టే ఉండేది.

ఆ చలికాలమంతా ఇంట్లో ఉండి నా ప్రాణం తోడేశాడు. చేతికర్ర పట్టుకుని గదిగదీ తిరుగుతూ, నేల మీద టకటకా కొట్టి, చెవి రిక్కించి వినేవాడు. టైలు కింద సిమెంటు సరిగ్గా పట్టకపోతే డొల్లగా మోగుతుందట. పొయ్యి ముందు ఒకటి, స్నానాల గది గుమ్మంలో ఒకటి డొల్ల అని తేల్చాడు. ఇన్నేళ్లుగా నేను వాటి మీదే నడుస్తున్నాను, అవి నన్నేమీ అనలేదు. పగలంతా కర్టెన్ల దుకాణంలో మిషను చప్పుడు, ఇంటికొస్తే ఈ చప్పుడు. చెప్తే నీకు తెలీదులే అని మరో రెండు కొట్టేవాడు.

అందుకే చలి కాస్త వెనకడుగు వేయగానే పెరట్లో కూరగాయల మడి పని ఆయనకు అప్పజెప్పాను. తవ్వడం, ఎరువు కలపడం నిలబడి చేసుకునే పనులే. ఇల్లు కాస్త నెమ్మదిగా ఉంటుందని ఒక ఆశ. మా అక్క చిక్కుళ్లు వేళకు నేలలో పడతాయని ఇంకో ఆశ.

ఆ చిక్కుళ్ల సంగతి చెప్పాలి. ఊదారంగు చారల గింజ. అక్క పోయాక ఆవిడ పెరడు కొన్నవాళ్లు అందులో షెడ్డు వేశారు. ఆ విత్తనం ఇక మా ఇంట్లో తప్ప ఎక్కడా లేదు. అది కూడా పురుగు పట్టి పోగా డబ్బాలో గుప్పెడు మిగిలింది. ఈసారి మొలవకపోతే అక్క చిక్కుడు అనేది ఇక ఉండదు.

మొదటి రోజు సాయంత్రం నేను వచ్చేసరికి పెరడంతా తవ్వి ఉంది. మట్టి గుల్లగా, నల్లగా, చెయ్యి పెడితే మణికట్టు దాకా దిగేలా ఉంది. చాలా సంతోషించాను. ఆ రాత్రి ఆయనకు రెండోసారి అడక్కుండానే కాఫీ ఇచ్చాను. ఆ కాఫీ తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మర్నాడు వచ్చేసరికి నాలుగు మూలలా మేకులు, వాటికి బిగించిన పురికొస. మట్టినంతా ఇసుక జల్లెడతో జల్లించేశాడు. ఆ మర్నాడు నీళ్లు చల్లి, బద్దతో చదును చేసి, నేల అణగ్గొట్టే దిమ్మిస తీసుకుని ఒక మూల నుంచి ఇంకో మూల దాకా కొట్టుకుంటూ వెళ్లాడు. పైగా నీళ్లు నిలవకుండా కాలువ వైపు వాటం కూడా ఇచ్చాడు. పక్కింటి నర్సు గోడ మీదుగా చూసి, ఇక్కడేమైనా షటిల్ ఆడతారా అని అడిగింది. ఆయన దాన్ని మెచ్చుకోలు కింద తీసుకున్నాడు.

వేళ్లకు గాలి ఆడాలని, మట్టి మెత్తగా ఉండాలని మంచిమాటతో చెప్పాను. మెత్తటి నేల కుంగుతుందన్నాడు. కుంగితే కుంగనివ్వండి, మనమేమైనా దాని మీద బీరువా పెడతామా అన్నాను. వినలేదు. నేను దుకాణానికి వెళ్లేముందు పారతో ఒక వరస గుల్ల చేసి వెళ్లడం, తిరిగి వచ్చేసరికి ఆయన దాన్ని మళ్లీ అణగ్గొట్టి ఉంచడం. రోజూ ఇదే భాగోతం. నా చెప్పుల గుర్తులు కూడా తుడిచేసేవాడు.

అదను దాటిపోతోంది. ఇక ఆగలేక ఒక ఉదయం స్క్రూడ్రైవరుతో గుంటలు పొడిచి, ఉన్న గుప్పెడు గింజల్లో సగం వేసి, పైన మట్టి పొడి కప్పి వెళ్లాను. సాయంత్రం చూస్తే ఒక్క గుంటా కనిపించలేదు.

“గుంటలు పడ్డాయి. సరిచేశా,” అన్నాడు ఆయన.

మళ్లీ తవ్వితే గింజలు చెదురుతాయని పార ముట్టుకోలేదు.

వాన కూడా పడింది. నీళ్లు బుద్ధిగా వాటం వెంబడి కాలువలోకి వెళ్లిపోయాయి. రోజులు గడిచాయి. పక్కింటి నర్సు కుండీల్లో టమాటా నారు నిక్కుతోంది, మా మడి మాత్రం తళతళలాడుతోంది.

సెలవు రోజున తవ్వి చూశాను. గింజలు మొలకెత్తాయి. అన్నీ మొలకెత్తాయి. తెల్లటి మెడలు పైకి లేచి, గట్టి మట్టికి తల తగిలి, వంగి, అక్కడే విరిగిపోయాయి. వాటిని అరచేతిలో పెట్టుకుని ఏడ్చాను. అక్క పోయినప్పుడు కూడా అంత కోపంగా ఏడవలేదు.

గడ్డపార తీసుకొచ్చాను. ఆయన వచ్చి మడికి అడ్డంగా నిలబడ్డాడు. చెయ్యి చాపి మొలకలు చూపించాను. ఆయన చాలాసేపు చూశాడు. ఒక మొలకను వేలితో నిటారుగా నిలపబోయాడు. అది నిలవలేదు.

“పగలగొట్టే తీరతాను. తప్పుకోండి,” అన్నాను.

“పగలగొట్టు. కానీ ముందు ఒకసారి రసమట్టం పెట్టి చూడు.”

“ఎందుకూ?”

“నేను కూర్చోలేను కదా.” అన్నాడు. “కూర్చోకుండా వేశాను. నిలబడే. సరిగ్గా వచ్చిందో లేదో నాకు తెలీదు. ఇంక గచ్చు వేసేది లేదు, ఇదే ఆఖరుది.”

ఇన్ని నెలల్లో ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు. గడ్డపార గోడకు ఆనించాను. కోపం మాత్రం పోలేదు, అబద్ధమెందుకు. ఆ మాటేదో ముందే చెప్పి ఉంటే నా గింజలు బతికేవి కదా అనిపించింది.

వాటం చూసే ఆ రసమట్టం తెచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాను. నేల చల్లగా, రాయిలా తగిలింది. ఈ మూల పెట్టాను, ఆ మూల పెట్టాను, మధ్యలో పెట్టాను. ఎక్కడ పెట్టినా గాజుగొట్టంలో బుడగ ఒకే గీతను ఆనుకుని ఆగింది. ఆయన నా తల మీదుగా చూడటానికి మెడ సాచాడు గానీ కళ్లు ఆనలేదు.

“ఎలా ఉంది?”

“అంతటా ఒకటే వాటం. వెంట్రుకవాసి తేడా లేదు,” అన్నాను. నిజమే చెప్పాను.

తలూపాడు. డాక్టరమ్మ దగ్గర ఊపినట్టు కాదు. కర్ర గోడకు చేరేసి, అక్కడ నేను ఆనించిన గడ్డపార తీసుకుని, సరిగ్గా నడిమధ్య మొదటి పోటు ఆయనే వేశాడు. చెవి రిక్కించి విన్నాను. డొల్ల శబ్దం రాలేదు.

“నిలబడి చూస్తావేం?” అన్నాడు నావైపు తిరగకుండా. “మిగిలిన గింజలు పట్టుకురా.”