బెల్లం డబ్బా

ఆత్మారాం నోట్లో బెల్లం ముక్క పెట్టింది నేనే. ఈ మాట ముందు ఒప్పుకోకుండా మిగతాది చెప్పే హక్కు నాకు లేదు.

మాది నిజామాబాద్ నుంచి బోధన్ పోయే రోడ్డు మీద ప్లాస్టిక్ షెడ్డు. ఎనిమిది మిషన్లు. ఎవరు ఏ కొలత అడిగితే ఆ కొలతకు అచ్చు బిగించి పీవీసీ కరిగించి పోస్తాం. మోస్రా నుంచి ముప్కాల్ దాకా పొలాల్లో నీళ్లు మలిపే ఎల్బోలు ఎన్నో మా చేతుల మీదుగా పోయినవే. పీవీసీ మొండి సరుకు. తుప్పు పట్టదు, మందు నీళ్లకు చెడదు, ఏళ్లకేళ్లు మట్టిలో ఉన్నా చెక్కుచెదరదు. రైతుకు అంతకంటే ఏం కావాలి? కానీ మిషన్ బ్యారెల్లో వేడి మీద ఊరికే ఆగితే మాత్రం ఓర్చుకోదు. తెల్లది పచ్చబడుతుంది, పచ్చది నల్లబడుతుంది, ఛాతీని కాల్చే ఆమ్లపు పొగ కక్కుతుంది. అందుకే మిషన్ ఆపేముందు వేరే ప్లాస్టిక్ గింజలు పోసి లోపలి పీవీసీనంతా బయటికి నెట్టాలి. దాన్ని మేము కడుపు కడగడం అంటాం.

సేటు చక్రవర్తి ఈ యేడు పెద్ద ఆర్డరు పట్టాడు. పట్టగానే అన్నం వేళ కడుపు కడగడం మాన్పించాడు.

"పూటపూటకీ ఇంతింత ముద్దలు నేలపాలు చేస్తే ఎట్టాగయ్యా? అరగంటకేం కాదులే" అన్నాడు.

పొగ లాగే ఫ్యాను పెట్టమని అడిగితే గోడకు బెల్లం డబ్బా తగిలించాడు. చెరుకు మధ్య పుట్టినవాళ్లం. బోధన్ షుగర్ ఫ్యాక్టరీ నడిచిన నాటి నుంచి మా ఇళ్లలో దుమ్ముకైనా పొగకైనా బెల్లమే మందు. సోమవారం సోమవారం డబ్బా నిండేది. సేటు దయగలవాడని మెచ్చుకున్నాం. సిగ్గుతో చెబుతున్నాను, అందరికంటే ఎక్కువ మెచ్చుకున్నది నేనే.

ఆ రోజు అన్నం తిని వచ్చేసరికి ఆపరేటర్ ఆత్మారాం మిషన్ పట్టేసి ఉంది.

"సేటూ, లోపల మాడింది. హీటర్ బంద్ జేసి సల్లారినంక ఇప్పుత" అన్నాడు ఆత్మారాం.

"లారీ వచ్చి నిలబడింది. ఇప్పుడే విప్పు" అన్నాడు సేటు.

మిషన్ మూతి వదులు కాగానే నల్లటి ముద్ద ఫట్‌మని ఎగిరింది. వెనకే పొగ. ఆత్మారాం మొహం కప్పుకుని కూలబడ్డాడు. అవతల ఎల్బోల అంచులు కోస్తున్న అతని భార్య గంగమణి కత్తితోనే పరుగెత్తుకొచ్చింది.

"దవాఖానకు కొంటవోదాం, తుకారామన్నా!"

"ఆగు చెల్లె, గింత బెల్లం తింటే దిగుతది" అన్నాను నేను.

అతను చప్పరించాడు. దగ్గు తగ్గింది. "నాకేం గాలే, మీ లొల్లే ఎక్కువైంది" అని నవ్వాడు కూడా. మేము నమ్మి పనిలో పడ్డాం. డ్యూటీ దిగే వేళకు అతని పెదవులు నల్లబడ్డాయి, ఊపిరి అందలేదు. తెల్లారేసరికి నిజామాబాద్ పెద్దాసుపత్రిలో ప్రాణం పోయింది.

"బెల్లం కడుపులోకి పోతుంది, పొగ ఊపిరితిత్తుల్లోకి పోయింది" అంది డాక్టరమ్మ. "తేరుకున్నట్టు కనిపించినా వెంటనే తేవాలి." ఆమె నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

నాలుగో రోజు సేటు గంగమణిని షెడ్డుకు పిలిపించి కాగితం తెచ్చాడు. ఆత్మారాంకు ముందు నుంచే దమ్ము రోగం ఉందని అందులో రాసి ఉంది. కింద గంగమణి సంతకం పెట్టాలి. కాగితం పక్కనే కొత్త బెల్లం డబ్బా.

"వానికి దమ్మెక్కడిది సారూ? మొన్ననే లింబాద్రి గుట్ట ఉరుక్కుంట ఎక్కిండు" అంది గంగమణి.

"పోయినోడు ఎట్టాగూ రాడమ్మా. గొడవైతే షెడ్డు మూతపడిద్ది. ఇంతమంది కూడు పోద్ది."

చంపింది సేటు, కూడు పోతుందన్న భయం మాకు! గంగమణి మా వైపు తిరిగింది.

"నేనొక్కదాన్నే చెప్తే అబద్ధమంటడు. మీరంత సూసిండ్రు గద. నోరిప్పుండ్రి."

నేను ముందుకు వచ్చాను. "నేను సూసిన. పొగనే సంపింది. బెల్లం పెట్టింది నేనే. గట్లనే రాసిస్త" అన్నాను. నా వెనక, గంగమణితో కలిసి అంచులు కోసే జ్యోతిరాణి చెయ్యెత్తింది. ఆమెను చూసి ఆడవాళ్లంతా ఎత్తారు, తర్వాత మగవాళ్లు.

కుర్ర ఆపరేటర్ సాయికుమార్ స్టూలెక్కాడు. "నడుస్తున్న ఏడు మిషన్లు గిట్లనే ఇడిసి పోదాం! గంట గడిస్తే లోపలంత బొగ్గైతది, సేటు నడుమిరుగుతది!"

"పదుండ్రి!" అని అరిచారు కొందరు.

"ఆగుండ్రి!" అంది గంగమణి. "ఆ బొగ్గు రేపు గోకేదెవలు, సేటా? మీరన్న గోకాలె, బిహార్ నుంచొచ్చిన ఇంకొకడన్న గోకాలె. గా పొగ ఇంకొకని పానం దియ్యాల్నా?"

సాయికుమార్ దిగి తల వంచుకున్నాడు. సేటు వద్దని అరుస్తూనే ఉన్నాడు. మేము గింజలు పోసి ఏడు మిషన్ల కడుపులూ కడిగాం. సేటుకు పట్టని మా పని పద్ధతితోనే సమ్మె మొదలుపెట్టాం. ఎనిమిదోది ఆత్మారాం మిషన్. మాడిన పీవీసీ దాని లోపల గడ్డకట్టి ఉంది. దాన్ని ఎవరూ ముట్టలేదు. గంగమణి దాని ముందు బాసింపట్టు వేసి కూర్చుంది.

"ఫ్యాక్టరీలు సూసే ఆఫీసరొచ్చి గిది ఇప్పి సూడాలె. నా మొగడు దేంతోని సచ్చిండో రాయాలె. ఫ్యాను వెట్టాలె. గప్పటిదాంక లేవ."

ఆఫీసరు రాలేదు, పోలీసులు వచ్చారు. గంగమణిని, సాయికుమార్‌ని, నన్ను రెక్కలు పట్టి లేపారు. పోతూ పోతూ ఆమె కొత్త డబ్బా మూత తీసి సేటు ముందు పెట్టింది.

"నువ్వు తిను సారూ. తిని గా మిషన్ మూతి ఇప్పు."

సేటు వెనక్కి జరిగాడు. అందరం చూశాం.

వ్యాను ఎక్కేటప్పుడు తిరిగి చూస్తే గంగమణి లేచిన చోట జ్యోతిరాణి కూర్చుని ఉంది. నాకు ఏడుపు ఆగలేదు. గేటు దాటేసరికి రోడ్డు మీద జనం. పక్కనున్న పైపుల షెడ్డువాళ్లు, బియ్యం మిల్లు హమాలీలు, సిమెంటు తొట్లు పోసే ఆడవాళ్లు సంగతి తెలిసి పని విడిచి వచ్చారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో డబ్బా. తమ గోడల మీంచి తీసి, మా గేటు ముందు వరసగా పెడుతున్నారు.

ఆ రోడ్డున ప్రతి షెడ్డులోనూ ఒక బెల్లం డబ్బా ఉందని ఆ రోజే మాకు తెలిసింది.