వాండి కుడికాలు

చలి.

మిట్టమధ్యాహ్నం. ఫ్రీటౌన్ సముద్రపొడ్డున ఇసుక పెనంలా కాలుతోంది. వాండి ఎడమపాదం ఆ ఇసుకలో మాడుతోంది. కుడికాలు మాత్రం చల్లగా ఉంది...

కుడికాలు లేదు.

మోకాలి పైనుంచే లేదు. యుద్ధం రోజుల నుంచీ లేదు. అయినా దానికి చలేస్తుంది. వేళ్ళకు కాదు, మడమకు కాదు — పిక్కకు. ఎవరో తడిగుడ్డ వేసి తీయడం మరిచిపోయినట్టు అక్కడే, ఆ పిక్క మీదే.

వాండి వెనక్కి తిరిగి చూస్తాడు. తడి ఇసుకలో తన జాడ. ఊతకర్రలు దిగిన రెండు గుండ్రటి గుంటలు, మధ్యన ఒక పాదం. మళ్ళీ రెండు గుంటలు, ఒక పాదం. అల వచ్చి అన్నిటినీ తుడిచేస్తుంది. సముద్రానికి కుంటివాడూ ఒకటే, రెండుకాళ్ళవాడూ ఒకటే.

వాండి జట్టు ఆడే ఫుట్‌బాల్ ఆటకు నియమాలు తేలిక. పరిగెత్తేవాడికి ఒక్క కాలే ఉండాలి. గోలు కాసే గోలీకి ఒక్క చెయ్యే ఉండాలి. ఊతకర్రతో బంతిని తాకకూడదు. మిగిలిన మొండితో తాకకూడదు. గోలీ తన గీత దాటి బయటికి రాకూడదు. లేని కాలితో తన్నకూడదని మాత్రం ఎవరూ రాయలేదు. రాయనక్కర్లేదనుకున్నారు.

కొత్తగా వచ్చిన ప్రతివాడూ చేసే పని అదే. బంతి అటువైపు రాగానే మనసు ముందు పరిగెడుతుంది. కర్రలు వదిలేసి, లేని కాలు విసురుతాడు. గాలిని తన్ని బోర్లా పడతాడు. జట్టంతా విరగబడి నవ్వుతుంది. అలా నవ్వించనివాడు ఆ జట్టులో లేడు. వాండి వంతు ఎప్పుడో అయిపోయింది.

గోలీ లహాయికి ఎడమచెయ్యి మోచేతి వరకే. పొట్టి చేతులు కావాలా, పొడుగు చేతులు కావాలా అని యుద్ధంలో చేతులు నరికేవాడు దర్జీలా అడిగాడట. ఆ ముక్క చెప్పేటప్పుడు లహాయి నవ్వుతాడు. వినేవాళ్ళు నవ్వరు.

"ఏంట్రా, మీ కాలుగారికి మళ్ళీ జలుబా?" అన్నాడు లహాయి.

"జలుబే."

"కాస్త కషాయం పోద్దామా?"

"పోద్దాం. ముందు అదెక్కడుందో చెప్పు."

లహాయి నవ్వు ఆగిపోయింది.

కాలు పోయిందన్న ఏడుపు వాండికి ఎప్పుడో తీరింది. ఎక్కడుందో తెలియదన్న ఏడుపు తీరలేదు. పోయిన వానల్లో జట్టులో ఒకడు జ్వరంతో పోయాడు. కడిగి, తెల్లగుడ్డ చుట్టారు. ఒకవైపు గుడ్డ నిండుగా ఉంది. రెండోవైపు ఖాళీగా ఉంటే దాన్ని మడతపెట్టి కిందికి దోపారు. ఆ మడత వాండి కళ్ళలోంచి పోవడం లేదు.

చచ్చినవాళ్ళు ఏరు దాటాలి. పెద్దలు అవతలి ఒడ్డున నిలబడి ఉంటారు. ఏట్లో ఊతకర్రలు ఆనతాయా? కొట్టుకుపోతాయి. నా కాలు నాకుండాలి, అనుకున్నాడు వాండి. బతికినన్నాళ్ళూ ఎలాగూ లేదు. చచ్చాకైనా ఉండాలి.

ఆ కాలు ఎక్కడుందో తెలిసిన మనిషి లోకంలో ఒక్కతే ఉంది. అతని మేనత్త బైండు. వాండి పెరిగిన ఊరు కోలిబులో ఉంటుంది. ఎప్పుడైనా పట్నం వస్తే ఎండుచేపలు తెచ్చేది, తల నిమిరేది. కాలు మాట ఎత్తితే మాత్రం — "మంచిచోటే పెట్టాన్లే" అని లేచిపోయేది.

కోలిబులోనే ఆట ఉందని కబురొచ్చింది. పక్క జిల్లా జట్టుతో. ఊరివాళ్ళు ఒకచోట చేరతారని, పాతవి మరుస్తారని ఎవరో పెద్దమనుషులు పెట్టించిన ఆట.

కాలు పోయాక వాండి ఆ ఊరు మళ్ళీ తొక్కలేదు.

"నేన్రాను" అన్నాడు.

"రాకు" అన్నాడు లహాయి. "నీ కాల్ని నేనే పలకరించొస్తా. అడిగానని చెప్పమంటావా?"

వాండి వ్యానెక్కాడు.

ఎర్రటి దారి. ఎర్రటి దుమ్ము. వ్యాను మీద కట్టిన ఊతకర్రలు ప్రతి గతుక్కీ ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి. ఊరు దగ్గరపడేకొద్దీ పిక్క మీద చలి పెరిగింది. వాండి ఎవరికీ చెప్పలేదు.

బైండు అత్త ముసలిదైపోయింది. గుమ్మంలో నిలబడి ముందు అతని మొహం చూసింది. తర్వాత జట్టువాళ్ళందర్నీ చూసింది. ఒక్కొక్కడిలో ఏం లేదో వరసగా చూసుకుంటూ వెళ్ళింది. తర్వాత పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

అన్నం, కర్రపెండలం ఆకు కూర. జట్టంతా తిని చెట్టుకింద నడుం వాల్చింది. వాండి మాత్రం కంచం ముందు అలాగే కూచున్నాడు.

"తిను" అంది.

"ఎక్కడ పెట్టావత్తా?"

"తిన్నాక అడుగు."

"తిన్నాక అడిగితే పడుకో అంటావు. లేచాక అడిగితే ఆటకి టైమైంది అంటావు. నాకు తెలీదా నీ సంగతి."

బైండు కొంగుతో చేతులు తుడుచుకుంది. తుడిచిన చేతుల్నే మళ్ళీ మళ్ళీ తుడుచుకుంది.

ఆ రోజు...

బడి వెనక ఖాళీ నేల. రెండు కర్రలు పాతితే అదే గోలు. గోలులో జోసే — అత్త కొడుకు. బంతి వెనక వాండి. ఇద్దరికీ ఇంకా మీసం రాలేదు. బంతంటే గుడ్డపేలికల ఉండ.

"కుడికాలితో కొట్టు చూద్దాం" అన్నాడు జోసే. "దమ్ముంటే."

ఆ దెబ్బ కొట్టనేలేదు. బడివైపు నుంచి తుపాకులు పేలాయి. జోసే గోలు ముందుకు రెండడుగులు వేసి, కూర్చున్నట్టుగా పడ్డాడు. వాండి కుడిమోకాలు పగిలిపోయింది. బంతి అక్కడే, పెట్టినచోటే ఉంది. నేల మీద పడి వాండి దాన్నే చూస్తూ ఉన్నాడు. అత్త వచ్చి అతన్ని భుజాన వేసుకుని అడవిలోకి పరిగెత్తింది. కొడుకును దాటుకుని పరిగెత్తింది. బతికున్నవాణ్ణి ఎత్తుకుంది.

అడవిలో కాంపౌండరు ఒకడు దొరికాడు. కాలు అప్పటికే కుళ్ళింది. అతని దగ్గర మందు లేదు, రంపం ఉంది. తర్వాత సంగతి వాండికి గుర్తులేదు. గుర్తులేకపోవడమే దేవుడు చేసిన మేలు.

"తుపాకులవాళ్ళు అంతా కాలబెట్టి పోయారని తెలిశాక, నేనొక్కదాన్నీ ఊళ్ళోకొచ్చా" అంది బైండు. ఆమె గొంతులో ఏడుపు లేదు. ఎండిన కుండను తడితే వచ్చే చప్పుడులా ఉంది. "మీ బావ అట్టానే ఉన్నాడు. పడినచోటే. మోసుకెళ్ళే ఓపిక నాకేదీ? అక్కడే తవ్వా."

"నా కాలు?"

"గుడ్డలో చుట్టి నాతోనే తెచ్చా. ఇంకో గొయ్యి తవ్వాల్సింది. తవ్వలా. వాడి పక్కనే పెట్టా."

వాండి కంచం పక్కకు నెట్టాడు.

"వాడి కాళ్ళు నీకు తెలుసుగా" అంది అత్త. "నడివేసవిలోనూ మంచే. ఒక్కడే పడుకోలేడు. నీ కాలుంటే కాస్త వెచ్చగా ఉంటదని... పిక్కకి ఆనించి పెట్టా."

ఒకే చాప. ఇద్దరు పిల్లలు. జోసే కాళ్ళు చల్లటివి. నిద్రలో వాటిని తెచ్చి వాండి కుడిపిక్కకు ఆనించేవాడు.

"జరుగెహె. కప్పలు పాకినట్టుంది" అని వాండి కాలు లాక్కునేవాడు.

కాసేపటికి ఆ కాళ్ళు చీకట్లో వెతుక్కుంటూ మళ్ళీ వచ్చేవి. వాండి మళ్ళీ లాక్కునేవాడు. ప్రతి రాత్రీ అదే గొడవ.

చలి సంగతి వాండి అత్తకు ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడూ చెప్పలేదు. కంచంలో అన్నం మీద ఈగలు వాలుతున్నాయి.

అప్పుడు వాండికి కోపం వచ్చింది. అత్త మీదో, జోసే మీదో, తుపాకీ మీదో తెలియని కోపం. నా కాలు. నన్నడక్కుండా ఇచ్చేసిన నా కాలు.

"నాక్కావాలత్తా. తీసుకుపోతా. రేపు నేను పోతే సగం మనిషిని పూడుస్తారు."

"వాడూ నేనూ ఏమైపోవాలి?" అంటుందనుకున్నాడు. అనలేదు. ఇంటి వెనక్కి వెళ్ళి పొట్టిపార తెచ్చింది. గుమ్మం పక్కన గోడకు ఆనించింది.

"ఆటయ్యాక తవ్వుకో. నేనాపను" అంది. "వాడికి మాత్రం నువ్వే చెప్పుకో. నా నోటితో నేను చెప్పలేను."

బడి వెనక నేల ఇప్పుడు మైదానం. బడివాళ్ళు చదును చేసి, ఇనప గోలుపోస్టులు పాతారు. కింద ఏముందో బైండు ఎవరికీ చెప్పలేదట. పిల్లలు ఆడుకునే చోటే కదా, వాడికీ కాలక్షేపం అనుకుందట.

జనం వచ్చారు. అందులో అప్పుడు తుపాకీ పట్టినవాళ్ళూ ఉన్నారు. ఇప్పుడు వాళ్ళు పొలం చేసుకుంటున్నారు. ఊరికి తెలుసు. వాళ్ళకూ తెలుసు. పక్కపక్కనే నిలబడి వేరుశెనక్కాయలు ఒలుచుకుని తింటున్నారు.

ఆట మొదలైంది.

టక్... టక్... టక్. కర్రల చప్పుడు. ఎర్రదుమ్ము లేచింది. మొదట జనం గుడ్లప్పగించి చూశారు, నవ్వాలో ఏడవాలో తెలియక. ఎవడో పడ్డాడు. పడినవాడే ముందు నవ్వాడు. దాంతో జనమూ నవ్వారు. తర్వాత కాళ్ళు లెక్కపెట్టడం మరిచిపోయి తిట్టడం మొదలుపెట్టారు.

"నీ కర్ర తగలెయ్య, అటివ్వరా బంతి."

"గోలీ, ఆ ఒక్క చెయ్యీ జేబులో పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నా. నీ పెళ్ళాం చూస్తుందని" అన్నాడు లహాయి. ఊరు ఊరంతా ఘొల్లుమంది.

వాండి నవ్వలేదు. బాగా ఆడాడు, అంతే. కోపంగా ఉన్నవాడు బాగానే ఆడతాడు.

రెండు జట్లకూ గోలు రాలేదు. పొద్దు వాలుతోంది. అవతలి జట్టువాడొకడు తన గోలు ముందర ఊతకర్రతో బంతిని ఆపాడు. రెఫరీ ఈల వేశాడు.

పెనాల్టీ.

జట్టులో పెనాల్టీలు వాండివే. ఎడమకాలు. ఎప్పుడూ తప్పలేదు.

బంతి పెట్టడానికి వంగాడు. సున్నం చుక్క పక్కన, దుమ్ములో, నాలుగు ఎర్రటి మెతుకులు. పామాయిల్ కలిపిన అన్నం. పెద్దలకు పెట్టే అన్నం. చీమలు మోసుకుపోగా మిగిలినవి. అత్త పొద్దున్నే పెట్టి ఉంటుంది. ఇన్నేళ్ళూ పెడుతూనే ఉండి ఉంటుంది.

ఇక్కడే.

వాండి లేచి నిలబడ్డాడు. వెనక్కి నడిచాడు. రెండు గుంటలు, ఒక పాదం. రెండు గుంటలు, ఒక పాదం. గీత అవతల, జనానికి ముందు, అత్త నిలబడి ఉంది. చేతిలో ఏమీ లేదు. పార ఇంటిదగ్గర గోడకే ఉంది.

ఈల.

పిక్క మీద చలి జివ్వుమంది. గోలులో ఉన్నది ఎవరో వాండికి కనబడలేదు. ఎర్రదుమ్ము, వాలిన ఎండ... దుమ్ములో ఒక పిల్లవాడు చేతులు చాపి నిలబడ్డాడు.

కుడికాలితో కొట్టు చూద్దాం. దమ్ముంటే.

వాండి పరిగెత్తాడు. కర్రలు వదిలేశాడు. ఎడమకాలు నేలకు తన్నిపెట్టి — కుడికాలు విసిరాడు.

కొట్టాడు. అతనికి తెలుసు, కొట్టాడు. బంతి తగిలిన బరువు పిక్కదాకా తెలిసింది.

తర్వాత నేల వచ్చి మొహానికి తగిలింది.

బంతి కదల్లేదు.

జట్టులో ఎవరూ నవ్వలేదు. కొత్తవాడు చేసే తప్పు అది. వాండి కొత్తవాడు కాదు. జనంలో వేరుశెనక్కాయల చప్పుడు కూడా ఆగిపోయింది.

"లేవరా" అని అరిచాడు లహాయి మైదానం అవతలి కొసనుంచి. తన గీత మీదికి వచ్చి ఆగిపోయాడు. గోలీ గీత దాటకూడదు. "ఒరేయ్ వాండీ, లేవరా. ఎవడైనా లేపండ్రా వాణ్ణి."

ఎవరూ లేపకముందే బైండు గీత దాటింది. రెఫరీ ఏదో అన్నాడు. ఆమెకు వినబడలేదు. వచ్చి వాండి పక్కన నేలమీద కూచుంది. అతన్ని లేపలేదు. మెతుకులున్న చోట అరచెయ్యి పెట్టి, నిద్రపోయేవాణ్ణి తట్టినట్టు మెల్లగా తట్టింది.

"జోసే" అంది. "ఎవరొచ్చారో చూడు నాన్నా. నీతో ఏదో చెప్పుకోవాలంట."

తర్వాత వాండి వైపు చూసింది. చెప్పు, అన్నట్టు.

వాండి నోరు తెరిచాడు. నోట్లో దుమ్ము. ఎండకు కాగిన నేల చెంపకు చురుక్కుమంటోంది. నా కాలు నాకిచ్చెయ్ అనాలి. అంతే. ఒక్క ముక్క. దానికోసమే వచ్చాడు.

రెఫరీ రెండోసారి ఈల వేశాడు. బంతి పెట్టినచోటే ఉంది. దాని వెనక దుమ్ములో రెండు గుంటలు, ఒక పాదం. పాదం పక్కన ఏమీ లేదు.

కాలుతున్న ఆ నేల కింద, కుడిపిక్క మీదికి చలి మళ్ళీ వచ్చింది. వెతుక్కుంటూ, మెల్లగా, ఎప్పటిలాగే వచ్చి ఆనుకుంది.

వాండి ఇంకా కాలు లాక్కోలేదు.