ఎదుటివాడి కోసం పెట్టిన చుక్క

"నాయన కండ్లు పోయినాయి" అని ఇంట్లో ఒక్కసారి అనేశాక ఆ మాటకు ఇక తిరుగు లేకుండా పోయింది.

వరదయ్య ముప్పై రెండేళ్లు తిరుపతి-చిత్తూరు దారిలో బస్సు తోలిన మనిషి. ఆయన చక్రం కింద కోడిపిల్ల కూడా పడలేదని డిపోలో చెప్పుకునేవాళ్లు. అలాంటివాడు పోయిన నెల సత్యవేడులో చేను చూసుకుని, సాయంత్రం తన పాత కారులో తిరిగొస్తూ రోడ్డు పక్కన పోసిన కంకర కుప్పను గుద్దాడు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ అదురుకి ఒక హెడ్‌లైటు బల్బు పోయింది, అంతే. ఎదురుగా వచ్చినవాడు తెల్ల లైట్లు కళ్లలో కొట్టాడని, రోడ్డే కనపడలేదని ఎంత మొత్తుకున్నా కొడుకు మునికుమార్ వినలేదు. కారు తాళం తీసి తన జేబులో వేసుకున్నాడు. ఆ మర్నాడే కంటి డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాడు. డాక్టరు అక్షరాలన్నీ చివరి వరుసదాకా చదివించి, ఈ వయసుకు ఇంతకన్నా మంచి కళ్లు ఉండవన్నాడు. అయినా తాళం జేబులోంచి బయటికి రాలేదు. చేనికి పోవాలన్నా, తిరుచానూరులో అమ్మవారికి దండం పెట్టుకుని రావాలన్నా, అరవై ఎనిమిదేళ్ల మనిషి కొడుకు ముందు నిలబడి అడగాలి. ఒళ్లు మండదా మరి.

చివరికి కొడుకు ఒక మెట్టు దిగాడు. మంచి లైట్లు వేయిస్తాను, తర్వాత తాళం సంగతి చూద్దాం అన్నాడు. ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ బైపాస్ పక్కనున్న జయరావు షాపుకు వెళ్లారు. కారు కొడుకే తోలాడు. వరదయ్య తన సొంత కారులో పక్క సీట్లో బిగుసుకుని కూర్చున్నాడు.

"మామూలు బల్బులు ఒక జత ఇయ్యప్పా. ఈ బండికి మొదట్నుంచీ ఉండేటివి, పసుప్పచ్చగా వెలిగేటివి," అన్నాడు షాపులో.

జయరావు నవ్వి, గాజు బీరువాలోంచి ఒక మెరిసే డబ్బా తీశాడు. "అవి ఎవురూ అడగడంలేదు సామీ. ఈ తెల్లవి ఏసుకుంటే పట్టపగలు మాదిరి ఉంటాది. మీ వయసుకు ఇవే కరెక్టు."

ఇక్కడ కూడా వయసే.

"మరి ఎదురొచ్చేటోని సంగతి?"

"వాడు ఏసుకున్నాడు గదా సామీ. మీరూ ఏసుకుంటే సరికి సరి."

"సరికి సరి ఏందప్పా? ఒకడు నా కండ్లల్లో కారం కొట్టినాడని నేను పోయి ఇంకొకని కండ్లల్లో కొట్టాల్నా? వాడేం పాపం సేసినాడు? నా బండి హెడ్‌లైటు డూమ్‌లో మెరిసే గిన్నె ఉండాదే, అది పాత బల్బుకు కొలిచి సేసింది. వెలుతురును కిందికి వంచుతాది. దాంట్లో నీ తెల్లది పెడితే యాడబడితే ఆడ సిమ్ముతాది."

షాపులో జనం తిరిగి చూశారు. మునికుమార్‌కు తల కొట్టేసినట్టయింది. "నాయనా, నువ్వు పోయి టీ తాగిరా. నేను చూసుకుంటా," అన్నాడు. పెద్దవాళ్ల మాటల మధ్యలోంచి పిల్లవాణ్ణి బయటికి పంపినట్టు పంపాడు. వరదయ్య ఆ టీ ఎలా తాగాడో ఆయనకే తెలియదు.

తిరిగొచ్చేసరికి కారు వెనక షెడ్డులో ఉంది. తెల్ల బల్బులు బిగించేశారు. జయరావు థిన్నర్‌లో ముంచిన గుడ్డతో హెడ్‌లైటు అద్దం రుద్దుతున్నాడు. రెండు అద్దాల మీదా, నడిమికి కాస్త పైన, వరదయ్య నల్ల పెయింటుతో స్వయంగా పెట్టుకున్న రూపాయంత చుక్కలు ఉండేవి. ఒకటి అప్పటికే పోయింది.

"ఏం సేస్తా ఉండావప్పా?"

"దిష్టి సుక్క సామీ, వెలుతురుకు అడ్డం. బంపరుకు నిమ్మకాయలు కట్టినారు గదా, అవి సాలు."

మునికుమార్ కూడా తలూపాడు. "అమ్మ పెట్టించిందని అనుకున్నా," అన్నాడు.

వరదయ్య మిగిలిన చుక్క మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "దిష్టి సుక్కా? అది మన బండికి కాదురా, ఎదురొచ్చేటోనికి. వాని కండ్లల్లో పడే వెలుతురు తగ్గాలని పెట్టేది. మా రోజుల్లో అది లేకుండా బస్సు బయటికి తీసేటోళ్లం కాదు. వాడెవుడో మనకు తెలీదు, వాడు కూడా ఇంటికి సేరాల్నని పెట్టింది. దాన్ని మీరు దిష్టి అంటిరి."

జయరావు గుడ్డ పక్కన పెట్టాడు. మాట మార్చడానికి షెడ్డు షట్టర్ కిందికి లాగి, కారు హెడ్‌లైట్లు వేశాడు. చీకట్లో ఎదురు గోడ మీద ఇటుక ఇటుకా లెక్కపెట్టేంత తెల్లగా వెలుగు పడింది.

"చూడు నాయనా, ఎంత బాగుండాదో," అన్నాడు మునికుమార్.

"ఎనక నిలబడితే ఎవునికైనా బాగనే ఉంటాది. నువ్వు ముందుకు పో." వరదయ్య ఒక స్టూలు తీసుకెళ్లి గోడకు ఆనించి వేశాడు. "డ్రైవరు సీట్లో కూర్చున్నట్టు కూర్చో. జయరావప్పా, డిమ్‌లోనే పెట్టు. మళ్లీ నేను మోసం సేసినానంటాడు."

మునికుమార్ విసుక్కుంటూనే వెళ్లి కూర్చున్నాడు. వరదయ్య వెనక్కి వచ్చి హెడ్‌లైటు పక్కన నిలబడి కుడిచెయ్యి ముందుకు చాచాడు.

"నీ కండ్లు మంచివి గదా. నా సేతిలో ఏముండాదో సెప్పు."

మునికుమార్ కళ్లు చిట్లించాడు. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. తల అటూ ఇటూ తిప్పాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"యాడుండావు నాయనా?"

"ఈడే, పదడుగుల దూరంలో. సెప్పు."

"స్పానరా?"

"కాదు."

"పాత బల్బు?"

"కాదు."

"కనపడడంలేదు నాయనా," అన్నాడు మునికుమార్, చివరికి. "నువ్వే కనపడడంలేదు. ఏముండాది చేతిలో?"

"ఏమీ లేదురా." వరదయ్య చాచిన చెయ్యి దించలేదు. "నెల్రోజులుగా ఉత్త సెయ్యే. తాళం ఇయ్యి."